అరచేతిలో శ్రీ

మా ఊరి బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లకు పంతులు అరచేతిలో 'శ్రీ' రాసేవారు. రెండోవాళ్లకు ఒక చుక్క పెట్టేవారు. మూడోవాళ్లకు ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాళ్లకు రెండు, అట్లా వరుసగా పెరుగుతూ పోయేవి. ఆఖరున వచ్చినవాడు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా మూలుగుతూ కూర్చునేవాడు. నేను సిద్దిపేటలో ముప్పై ఏళ్లు పంతులమ్మగా పనిచేశాను. కోపం నా ముక్కుమీదే ఉంటుందని నా దగ్గర చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. అయినా ఒక్కనాడూ బెత్తం పట్టలేదు. ఏ పిల్ల అరచేతిలోనూ శ్రీ కూడా రాయలేదు. మొదటిదానికి కారణం ఎవరూ అడగరు. రెండోదానికి కారణం చెబుదామనే ఇది రాస్తున్నాను.

మా ఊరు దౌల్తాబాద్ పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది. అవి యుద్ధం రోజులు. యుద్ధం ఎక్కడ జరుగుతోందో మాకు తెలియదు గానీ, అగ్గిపెట్టె దొరకడం లేదని మాత్రం తెలుసు. పొద్దున్నే ఒక ఇంట్లో పొయ్యి రాజేస్తే వాడకట్టు అంతా అక్కడికే పెంకులు పట్టుకుని నిప్పుకు వచ్చేవారు. సర్కారు బడిలో చదువు ఉర్దూలో సాగేది. పిల్లలకు నాలుగు తెలుగు అక్షరాలు రావాలని ఊరివాళ్లు తలా ఒక చెయ్యి వేసి ఒక కొట్టం కట్టి, ఎక్కడినుంచో ఒక పంతులును పిలిపించుకున్నారు. నడుమెత్తు మట్టిగోడ, దాని మీద చొప్పదడి, పైన గడ్డికప్పు, వాకిలికి ఒక తడక. అంతే మా బడి.

కొట్టం ఊరికి ఈ చివర ఉంటే పంతులు ఇల్లు ఆ చివర ఉండేది. శ్రీ కావాలంటే ముందుగా కొట్టానికి వచ్చి పలక లోపల పెట్టాలి. అక్కడినుంచి పంతులు ఇంటికి పరుగెత్తి ఆయనను లేపాలి. ఆయన కళ్లు నలుపుకుంటూ వచ్చి, గడప మీద కూర్చుని, తడి సుద్దలో వేలు ముంచి అరచేతిలో రాసేవారు. ముందు వచ్చిన పిల్ల ఉరికితే, ఆ వెనక వచ్చినవాళ్లు కూడా పలకలు పడేసి దాని వెంటే ఉరికేవారు. అందుకని చలికాలంలో కూడా మేము తెల్లవారకముందే బడి దగ్గర ఉండేవాళ్లం. చలికి ఆగలేక తలా ఒక పెంకులో నాలుగు నిప్పులు తెచ్చుకునేవాళ్లం. పెంకులు కొట్టం బయటే పెట్టాలని పంతులు గట్టిగా చెప్పారు. మేము కూడా బయటే పెట్టేవాళ్లం.

శ్రీ దాదాపు ప్రతిరోజూ ఒక్క పిల్లకే దక్కేది. అది గౌండ్ల వాళ్ల పిల్ల, నా ఈడుదే. మాకప్పుడు తొమ్మిదేళ్లు. వాళ్ల నాయిన కల్లు గీయడానికి తాళ్లెక్కాలని చీకటితోనే లేచేవాడు, ఆయన మోకు సర్దుకునే చప్పుడుకు ఇల్లంతా లేచేది. మా ఇంట్లోనా, బర్రె అరిచి అరిచి గొంతు పోయాక గానీ ఎవరూ కదలరు. అందుకని నాకెప్పుడూ చుక్కే. చుక్కతో దాని పక్కన నిలబడీ నిలబడీ నేను దాని స్నేహితురాలినయ్యాను. అసలు సంగతి చెప్పాలంటే కుళ్లుకుంటూనే స్నేహం చేశాను.

శ్రీ రాయించుకున్నాక అది గుప్పిట మూసేది. ఇక మధ్యాహ్నం దాకా తెరిచేది కాదు. బలపం ఎడమచేత్తో పట్టుకుని కోడిగెలికినట్టు రాసేది. ఎండ నడినెత్తికి వచ్చాక ఇంటికి పోయి, వాళ్లమ్మ ముందు గుప్పిట తెరిచి చూపించేది. చెమటకు సగం చెరిగిపోయి ఉండేది ఆ శ్రీ. అయినా కడగనిచ్చేది కాదు. చేయి కడగకుండా తినడమెట్లా? వాళ్లమ్మ జొన్న గట్కలో పచ్చిపులుసు కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టేది. తొమ్మిదేళ్ల పిల్ల కాళ్లు చాపుకుని, గుప్పిట ఒళ్లో పెట్టుకుని, మహారాణిలా నోరు తెరిచేది. నేను గడప అవతల నిలబడి చూసేదాన్ని. ఒకటి రెండుసార్లు నాకూ ఒక ముద్ద పెట్టింది వాళ్లమ్మ. మా అమ్మ చేతివంట మంచిదే గానీ, ఆ ముద్ద రుచి వేరు.

నాకు శ్రీ కావాలనిపించింది అక్షరం కోసం కాదు. ఆ ముద్దల కోసం. మా అమ్మ కూడా నాకు అట్లా తినిపించాలని.

ఒక సాయంత్రం బడి వదిలాక దాన్ని ఆపి అడిగాను. రేపొక్కనాడు నన్ను ముందు పోనిమ్మన్నాను. అది చాలాసేపు ఆలోచించింది. చేతిలో శ్రీ అప్పటికి చెరిగిపోయింది గానీ, ఇంకా ఉన్నట్టే గుప్పిట చూసుకుంది. చివరికి ఒప్పుకుంది.

"సరే. నువ్వొచ్చేదాక నేను పంతులింటికి పోను. ఒక్కనాడే మల్ల."

ఆ మర్నాడు తెల్లవారుజామున మెలకువ వచ్చింది నాకు. బయట ఈదురుగాలి. గొంగడి లోపల వెచ్చగా ఉంది. ప్రతిరోజూ అయితే ఉలిక్కిపడి లేచేదాన్ని. ఆ రోజు తొందరేముంది? అది ఆగుతానంది, మాట తప్పే పిల్ల కాదు. శ్రీ నాదే. ఇంకాస్తసేపు అనుకుని గొంగడి మీదికి లాక్కున్నాను. అదే నేను చేసింది.

లేచి పలక పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి జనం ఉరుకుతున్నారు. కొట్టం కప్పు అప్పటికే కాలి కూలిపోయింది. మోటబావి నుంచి కొట్టం దాకా మనుషులు కడవలు అందించుకుంటున్నారు. మట్టిగోడను పారలతో పొడిచి వెనకనుంచి లోపలికి పోయినవాళ్లు ముగ్గురు పిల్లలను బయటికి తెచ్చారు. అది, కుమ్మరివాళ్ల అన్నదమ్ములిద్దరు. ముగ్గురిలోనూ ఊపిరి లేదు. ఆ అన్నదమ్ములు మామూలుగా దాని వెనకాలే పంతులు ఇంటికి ఉరికేవాళ్లు. ఆ రోజు అది పోలేదు కనుక వాళ్లూ పోలేదు. నిప్పుల పెంకు తడక లోపలి పక్కన దొరికింది. గాలికి ఆగలేక లోపలికి తెచ్చుకుని ఉంటారు. వాకిలి దగ్గరే అంటుకుంది కాబట్టి బయటికి రావడానికి దారి లేకపోయింది. ఇంతకంటే ఆ పొద్దు గురించి నేను రాయలేను.

ఆ సాయంత్రం గౌండ్ల పిల్ల వాళ్లమ్మ మా వాడకట్టులోకి వచ్చింది. ఏడుపు లేదు, జుట్టు ముడి కూడా ఊడలేదు. కనిపించిన ప్రతి బడిపిల్లనూ ఆపి ఒకే మాట అడుగుతోంది. నా దగ్గరికీ వచ్చింది. వంగి, నా మొహంలో మొహం పెట్టి అడిగింది.

"దినాం పంతులింటికి ఉరికేది గద బిడ్డా. గీ పొద్దు ఎందుకు పోలే?"

నాకు తెలియదన్నాను. మా అమ్మ నన్ను వెనక్కి లాక్కుంది.

పంతులు బడి మానలేదు. కల్లంలో ఎండలో కూర్చోబెట్టి చదువు చెప్పారు. పొద్దు బారెడెక్కాకే రండి, ముందొచ్చినా ఒకటే, వెనకొచ్చినా ఒకటే అన్నారు. బెత్తం మళ్లీ కనబడలేదు. ఏడాది తిరిగాక ఆయన మూట సర్దుకుని వెళ్లిపోయారు. కుమ్మరివాళ్లూ ఎటో పోయారు. కొట్టం జాగ అట్లాగే పడి ఉండిపోయింది. ఎవరూ దాంట్లో మేకను కూడా కట్టలేదు. మా వాడకట్టులో ఆడవాళ్లు మాత్రం నిప్పు అడగడానికి వచ్చిన పిల్లలకు పెంకులో పోసివ్వడం మానేశారు. తామే వెళ్లి ఇచ్చి వచ్చేవారు.

నలభై ఏళ్లు గడిచాయి. నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఊరికి వస్తూ పోతూ ఉన్నాను. వచ్చినప్పుడల్లా గౌండ్ల వాడ తప్పించి చుట్టుదారిన పోయేదాన్ని. ఎవరైనా అడిగితే ఆ దారిలో బురద ఎక్కువ అనేదాన్ని. ఎండాకాలంలో కూడా అదే చెప్పానని మా మరదలు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఆ పాత జాగలో బడికి రెండు గదులు కట్టాలని ఊరివాళ్లు అనుకున్నారు. పునాది తీసేముందు, నాటి పిల్లల్లో మిగిలినవాళ్లం వచ్చి జరిగింది చెప్పాలని నేటి పిల్లల పంతులు కోరాడు. పదిమందిమి కూర్చున్నాం. అందరికీ అంతా గుర్తుంది, ఏదీ ఒకటి కాదు. ఒకాయన కప్పు చొప్పది అన్నాడు, ఒకాయన తాటాకుది అన్నాడు. బావిలో నీళ్లు లేవని ఒకరు, నిండుగా ఉన్నాయని ఒకరు. చుట్టూ చేరినవాళ్లలో ఆనాటికి పుట్టని మనిషి కూడా మంట ఎంత ఎత్తు లేచిందో చేయెత్తి చూపించాడు. నాకు ఒళ్లు మండింది గానీ ఊరుకున్నాను. ఇంతలో ఒకాయన తేలిగ్గా అనేశాడు, ఆ గౌండ్ల పిల్ల నిప్పుతో ఆటలాడబట్టే ఇదంతా అయిందని.

అప్పుడు ఊరుకోలేకపోయాను. అందరం నిప్పు తెచ్చేవాళ్లం, నువ్వు తేలేదా, నీ పెంకు నా పెంకు కంటే పెద్దది కాదా అని గట్టిగానే అరిచాను. అంతలో గోడవారగా కూర్చున్న ఒక ముసలామె గొంతు వినిపించింది. ఆమె వచ్చి కూర్చున్న సంగతి నేను చూడనేలేదు. వాళ్లమ్మ. నలభై ఏళ్ల కిందటి మాటే, అదే గొంతుతో అడిగింది. నిప్పు సంగతి కాదు, నా బిడ్డ ఆ పొద్దు పంతులింటికి ఎందుకు పోలేదో మీలో ఎవరికన్నా ఎరుకనా అని.

ఇప్పుడు అవన్నీ ఎందుకులే అని ఎవరో సర్దిచెప్పారు. నేను మళ్లీ తల దించుకున్నాను. మంది ముందు ఒకాయనను కడిగేసిన నోరు, ఆమె ముందు పెగల్లేదు. నామీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దెక్కాక చుట్టుదారి మాని గౌండ్ల వాడలోంచి నడిచాను. ఆమె వాకిట్లో చాప పరుచుకుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి చాప మీద జాగ చూపించింది. కూర్చున్నాను. చేతులు ఊరుకోక నేను కూడా నాలుగు కాయలు అందుకుని ఒలవడం మొదలుపెట్టాను. అట్లా తల ఎత్తకుండానే చెప్పాను. నేను అడిగిన సంగతి, అది ఒప్పుకున్న సంగతి, మెలకువ వచ్చి కూడా నేను లేవని సంగతి. నా కోసమే ఆగింది చిన్నమ్మా, అన్నాను.

ఆమె గింజలు తీయడం ఆపలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"అలిగి కూసోలేదన్నట్టు," అంది చివరికి.

నాకు అర్థం కాలేదు. అప్పుడామె చెప్పింది. ఆ ముందురోజు మధ్యాహ్నం కల్లు కుండలు కడిగే పని మీద పడి ఉంటే, పిల్ల గుప్పిట మూసుకుని వచ్చి తినిపించమని కూర్చుందట. విసుగొచ్చి, ఇంత పిల్లవైనవు, రేపటి సంది నీ చేత్తో నువ్వే తిను, నేను తినిపియ్య అని కసిరిందట. పిల్ల ఏమీ అనకుండా చేయి కడుక్కుని తిని పోయిందట. మర్నాటి పొద్దున అది శ్రీ కోసం పంతులు ఇంటికి పోలేదని తెలిసినప్పటి నుంచీ ఆమెకు ఒకటే మాట. తినిపించే అమ్మ లేనప్పుడు శ్రీ ఎందుకని, తన మీద అలిగి, కొట్టంలోనే కూర్చుందని. ఈ సంగతి మొగనికి కూడా చెప్పలేదంది. నలభై ఏళ్లు ఏ పండుగకూ ఎవరికీ చేత్తో ముద్ద పెట్టలేదంది, మనవలకు కూడా.

నా చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. నా తప్పు బయటపడుతుందని దాచాను. నిజం తెలిస్తే ఆమె బతుకు ఇంకా చెడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె మోసిన బరువు వేరే ఉందనీ, దాన్ని దించే మాట నా దగ్గరే ఉందనీ ఏనాడూ తోచలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆమె లేచి లోపలికి పోయి, పళ్లెంలో అన్నం, పచ్చిపులుసు తెచ్చింది. నా చేతులకు చింతపండు జిగురు అంటుకుని ఉంది. కడుక్కుందామని లేవబోయాను. వద్దని నా మణికట్టు పట్టి కూర్చోబెట్టింది. అన్నం కలిపి, ముద్ద చేసి, నా నోటి దగ్గరికి తెచ్చింది. యాభైకి దగ్గరపడిన దాన్ని, సిగ్గుపడుతూనే నోరు తెరిచాను. పులుసు మారలేదు.

ఆమె నన్ను చూడటం లేదు, పళ్లెంలోకి చూస్తోంది.

"గీ ముచ్చట అప్పుడే చెప్తే ఐపోవు గద బిడ్డా."

ఆమె చేతిలో రెండో ముద్ద అప్పటికే తయారుగా ఉంది.