పచ్చబడ్డ మనిషి

హైవే వంతెనను కట్టకముందే కంప్యూటర్‌లో కట్టి చూస్తే, బోలు దూలంలోకి దూరే కంత దగ్గర మనిషి పడతాడో లేదో చూడ్డానికి పెట్టిన బొమ్మ ఇనుముకు తగిలి ఎర్రబడింది. కంత పెద్దది చేస్తే డిజైనంతా మళ్లీ మొదటికొస్తుంది. చెప్పు కోసం కాలు కోసినట్టు, ఇంజినీరు మనిషినే మార్చేశాడు. సైటులో అందరికంటే బక్కవాడైన వెల్డరు ఒకడున్నాడు, పుల్ల అని పిలిచేవాళ్లు. అతని భుజాలు టేపుతో కొలిచి ఆ కొలతలు బొమ్మకు పెట్టగానే అది పచ్చబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. పుల్ల ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

అతన్ని ఉబ్బనిచ్చింది ఆ ఒక్కరోజే. ఆ తర్వాత దూలంలో ఏ పనున్నా అతనే దూరాలి. క్యాంటీన్లో మారు అడిగితే మేస్త్రీ గరిటె లాక్కునేవాడు. ఇంట్లో భార్య కూడా, "చాల్లే లేవయ్యా, నీ పని పోతే అందరం పస్తే" అని కంచం తీసేసేది.

ఎంత కడుపు మాడ్చుకున్నా, వంతెన మీద బండ్లు తిరిగిన ఐదేళ్లకు పుల్ల కాస్త ఒళ్లు చేశాడు. ఆ ఏటి తనిఖీకి దూరినప్పుడు కంతలో భుజాల దగ్గర ఇరుక్కుపోయాడు.

"సార్, ఊపిరాడట్లేదు, కాళ్లు పట్టి లాగండి!"

ఇంజినీరు ట్యాబ్ తీసి, తెరమీది కంతలో ఉన్న బొమ్మను తీరిగ్గా చూశాడు.

"నాటకాలాడకురా. ఇందులో పచ్చగా ఉన్నావు. దూరు!"