రవికలు కుట్టిన పెద్దబాపు

మా ఎం.ఏ. తెలుగు చివరి ఏడాది ప్రాజెక్టు గురించి నేను సభల్లో చాలాసార్లు మాట్లాడాను. బస్సులు బందయినా, రైళ్లు ఆగినా, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తిరిగి మన మాటలు ఏరుకొచ్చామని చెబితే జనం చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు. మా బీరువాలో ఒక అర నిండా ఆ శాలువాలే. అందులో ఎంత నిజముందో ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటికి ఆ మూడు పట్టణాలూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. రాష్ట్రం కోసం ఊరూరా దీక్షా శిబిరాలు నడుస్తున్న కాలం. మా కాలేజీ జనగామలో. ప్రాజెక్టు ఇద్దరికి ఒకటి. నా జోడీ భూపాలపల్లి నుంచి వచ్చిన ముస్లిం మిత్రుడు. వాళ్ల నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు, అమ్మ ఇంట్లో మిషను కుట్టేది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, గడప దాటితే తెలుగు.

మాకిచ్చిన అంశం ఈ మూడు ప్రాంతాల వాడుక మాటలు. అంతకు రెండేళ్ల ముందు వరకూ తరగతిలో ‘గిట్ల’ అన్నవాణ్ణి మా గైడు సారు లేపి నిలబెట్టేవారు. లెక్చరర్ని కావాలని నేను కూడా అద్దం ముందు నిలబడి ‘ఇలా, అలా’ అని సాధన చేసినవాణ్ణే. ఉద్యమం ముదిరాక అదే సారు ‘గిట్ల’ మీద ఒక అధ్యాయం రాయమన్నారు. ఆ అధ్యాయమంతా ‘ఇలా’ భాషలోనే ఉండాలన్నారు. మాటలు చెప్పినవాళ్ల పేరు, ఊరు, వృత్తి పుస్తకం చివర అచ్చువేయాలని కూడా చెప్పారు.

జనగామ నా వంతు. ఊళ్లు తిరగడమెందుకని నేను దీక్ష టెంటులో కూర్చున్నాను. అక్కడ రోజుకో కులవృత్తి సంఘం వచ్చి ఉపవాసం కూర్చునేది. అన్ని వృత్తులవాళ్లూ ఒకే చోట దొరుకుతారు, సాయంత్రం దాకా లేచిపోరు కూడా. ఇంతకంటే మంచి పరిశోధన పద్ధతి ఉండదనుకున్నాను. తీరా రికార్డు చేద్దామని ఫోను ముందు పెట్టేసరికి ప్రతివాడూ నాయకుడైపోయేవాడు.

“కాకా, తాడెక్కేటప్పుడు వాడే సామాన్లను ఏమేమంటరు?” అని ఒక గీత కార్మికుణ్ణి అడిగాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. “మా వనరులు, మా నీళ్లు, మా ఉద్యోగాలు మాకే కావాలని ఈ సందర్భంగా డిమాండ్ చేస్తున్నం.”

“గది గాదు కాకా, సామాన్లు.”

“గా ఫోను బందువెట్టు, ముచ్చట చెప్త.”

ఫోను బందు పెడితే ఆధారం ఎట్లా చూపాలని నేను పెట్టలేదు. ఆయన ముచ్చట చెప్పలేదు.

ఆ టెంటులో రోజూ కనిపించేది మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న. జనగామ పక్కన రఘునాథపల్లి దగ్గర భూములు, కొంత రాజకీయం. దండ వేయించుకుని, ఫోటో తీసేవాడు వచ్చిపోయేదాకా కూర్చుని, భోజనం వేళకు ఇంటికి వెళ్లేవాడు. మామూలుగా మాలాగే మాట్లాడతాడు గానీ, మైకు చేతికొస్తే రేడియో వార్తల భాష వచ్చేది.

“పెద్దబాపూ, మన మాటలు కొన్ని చెప్పు, రాసుకుంట” అన్నాను.

“మన భాష అంటే మన పానం రా. రాసుకో” అన్నాడు.

‘పానం: ప్రాణం’ అని రాసుకున్నాను. పానం తర్వాత ఇంకేమీ రాలేదు.

మహబూబాబాద్‌కు ఇద్దరం రైల్లో పోయాం. తిరిగి వచ్చేటప్పుడు జనం పట్టాల మీద కూర్చోవడంతో రైలు స్టేషన్లోనే ఆగింది. ప్లాట్‌ఫారం మీద మిర్చి రైతులు పొద్దుపోక ముచ్చట్లు పెట్టుకుంటుంటే రాసుకున్నాం. ఆ అధ్యాయం పరవాలేదు. అందులో మా ప్రతిభ ఏమీ లేదు, రైలు ఆగడమే.

భూపాలపల్లికి బస్సు దొరకలేదు. చెల్పూర్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు దాటి, ఆటో మీద ఆటో మారి, మిత్రుడి ఇంటికి చేరాం. వాళ్లమ్మ మిషను మీద ఉంది. కాలనీ ఆడవాళ్లు ముగ్గురు నలుగురు రవిక గుడ్డలతో చుట్టూ కూర్చున్నారు.

“అమ్మీ, నా జోడీ ఈయననే” అన్నాడు.

“జోడీ అంటివి, గింత బక్కగున్నడేంది? తిన్నవా బేటా?”

“తిన్న అమ్మీ.”

“అబద్ధం. మొఖం జూస్తే ఎరుకైతలేదా.”

తినిపించాక చెప్పడం మొదలుపెట్టింది. రవిక కొలతలు, అస్తరు, కాజాలతో మొదలై వంటింట్లో గంజు, సర్వ, తలె లాంటి గిన్నెలూ పళ్లేల మీదుగా పెళ్లి పాటలకు, అక్కడి నుంచి అత్తాకోడళ్ల తిట్లకు వెళ్లింది. ఫోను ముందున్నా ఆమె గొంతు మారలేదు. మధ్యలో ఒకావిడ, “ఆపా, గా మాట మనం గట్ల అనం” అంటే, “నువ్వు బుక్కు రాపిచ్చుకున్ననాడు నీ తీరుగ అను. గిది నా బుక్కు” అంది. అందరూ నవ్వారు.

మేం లేవబోతుంటే అడిగింది. “నా పేరు అచ్చయితదా?”

“అయితది అమ్మీ.”

“నిజంగ జెప్పు బేటా. రేషన్ కార్డు ఆయన పేరు మీద, ఇల్లు ఆయన పేరు మీద. ఆకిరికి నేను కుట్టే మిషను రశీదు గూడ ఆయన పేరు మీదనే. నా పేరు అచ్చుల ఎట్లుంటదో జూద్దామని.”

నేను మాటిచ్చాను.

అన్నీ కలిపి రాసేటప్పుడు చూస్తే ఆమె చెప్పిన భాగమే పుస్తకానికి ప్రాణం. నా జనగామ అధ్యాయం కరపత్రంలా ఉంది. గైడు సారు చదివి, “భూపాలపల్లి అధ్యాయం బాగుంది. కానీ ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఆవిడ తెలుగుకు ప్రమాణమా అని బయటి నుంచి వచ్చే పరీక్షకుడు అడగవచ్చు. మీరిద్దరూ ఆలోచించుకోండి” అన్నారు.

ఆయన అన్నది అంతే. ఆ వారం బస్సులు లేక నా మిత్రుడు భూపాలపల్లిలోనే ఉండిపోయాడు. ఆలోచన నేనొక్కణ్ణే చేశాను. చదువు అయిపోగానే కాలేజీలో పార్ట్‌టైం ఉద్యోగం ఇప్పిస్తానని పెద్దబాపు అప్పటికే మాటిచ్చి ఉన్నాడు. ఆమె చెప్పిన మాటలన్నీ రఘునాథపల్లి మాటలుగా మార్చి, రెండో అధ్యాయంగా పెట్టి, చెప్పినవారి దగ్గర ఆమె పేరు తీసి పెద్దబాపు పేరు రాసి బైండింగుకిచ్చాను. భూపాలపల్లి అధ్యాయానికి నా మిత్రుడు రాసుకొచ్చిన బొగ్గుబాయి మాటలు కొన్ని మిగిలాయి.

వైవా రోజున పరీక్షకుడు పేజీలు తిప్పి కళ్లద్దాలు సరిచేసుకున్నారు. “రవిక కుట్టడం గురించి మీ పెద్దనాన్నగారికి ఇంత తెలుసా?”

“ఉద్యమంలో ఆయన అన్ని వర్గాలతో మమేకమయ్యారు సార్” అన్నాను.

ఆయన పుస్తకం మూసి మార్కులు వేశారు. మంచి మార్కులే.

బస్సుల్లేక రాలేకపోయిన నా మిత్రుడికి వైవా మరో రోజు ఇచ్చారు. ఆలోపు బస్సులు తిరగడంతో ఒక ప్రతి పట్టుకుని నేనే భూపాలపల్లి పోయాను. వాళ్లమ్మ మిషను ఆపి, చేతులు కడుక్కుని, ఇరుగుపొరుగును పిలిచింది. ఆమెకు తెలుగు చదవడం రాదు.

“ఏది, నా పేరు జూపియ్యి.”

చివరి పేజీ తెరిచి పెద్దబాపు పేరున్న వరస మీద వేలు పెట్టాను. నా మిత్రుడు వంగి చూశాడు. తర్వాత గట్టిగా, నిదానంగా, తన తల్లి పేరు చదివాడు. ఊరు భూపాలపల్లి అని చదివాడు. వృత్తి కుట్టుపని అని చదివాడు. అక్కడ అచ్చయి ఉన్నది ‘వ్యవసాయం, ప్రజాసేవ’.

పక్కింటావిడ చేయి చాపితే ఆమె పుస్తకం వెనక్కి లాక్కుంది. “నూనె చేతులు. దూరంకెల్లి జూడు.”

బస్టాండుకు నడుస్తుంటే అతను అడిగాడు. “ఎవరు మార్చిండ్రు?”

“సారు.”

“సారు మా అమ్మీని ఎప్పుడు జూసిండు?”

“జూడలే. ఇంట్ల ఉర్దూ గదా అని...”

“మరి మీ పెద్దబాపు రవికలు కుట్టంగ జూసిండా?”

బస్సు వచ్చింది, ఎక్కాను. అతని వైవాలో అదే ప్రశ్న వచ్చిందో లేదో, వస్తే ఏం చెప్పాడో నేను అడగలేదు.

నాకు పార్ట్‌టైం ఉద్యోగం వచ్చింది, తర్వాత రాష్ట్రం వచ్చింది, శాలువాలు వచ్చాయి. ఎవరైనా పాత మిత్రులు ఆ సంగతి ఎత్తితే, ఆ రోజుల్లో సార్లు అట్లా ఉండేవాళ్లని అనేవాణ్ణి. గైడు సారు మీద ఆ మచ్చ అట్లాగే ఉండిపోయింది. ఆయన పేరు తీయమనలేదు, తీసింది నేను. పెద్దబాపు ఆ పుస్తకాన్ని హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకుని, వచ్చినవాళ్లకు తాను భాషకు చేసిన సేవ అని చూపిస్తాడు. ఇప్పటిదాకా తెరిచి చూడలేదు. చూసి ఉంటే నన్ను తన్నేవాడు.

ఈ మధ్య నా మిత్రుడికి ఫోను చేశాను. “నేనే తీసేసిన. అమ్మీ పేరు పెట్టి ఉన్నదున్నట్టు రాస్త.”

“నువ్వే తీసినవని నాకు గప్పుడే ఎరుక” అన్నాడు. “రాస్తే రాయి. పేరు మాత్రం వెట్టకు.”

“అదేంది రా, పేరు కోసమే గదా రాసుడు.”

“ఆమె పేరు అచ్చయే ఉన్నది, బట్టల పెట్టెల ఉన్నది. మనుమరాండ్లకు జూపిస్తది. వాళ్లు ఉర్దూ బడిల చదువుతున్నరు గాబట్టి నడుస్తున్నది. నువ్వు ఇయ్యాల కొత్తగ వెడితే, అప్పుడు వెట్టలేదని ఎరుకైతది.”

అందుకే ఇక్కడ కూడా ఆమె పేరు రాయలేకపోతున్నాను. రెండో అధ్యాయంలో రఘునాథపల్లివని అచ్చయిన మాటలన్నీ భూపాలపల్లిలో మిషను కుట్టే ఒక తల్లివి. మా పెద్దబాపుకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.