సర్కారు కొబ్బరికాయ

నా చిన్నప్పుడు, నారాయణఖేడ్ దగ్గరి మా ఊర్ల పోచమ్మ జాతరకు మొదటి కొబ్బరికాయ సర్కారుది. సర్కారు పేరు మీద ఊరి పటేల్ కొట్టాలె. ఆ పటేల్ మా తాత. ఆయన కొట్టినాకనే మిగతావాళ్లు బోనాలు దించేది. నిజాం కాలం నుంచి అదే రివాజు.

సర్కారు పటేల్, పట్వారీల కొలువులు తీసేసినంక మొదటి జాతర దగ్గరికొచ్చింది. "సర్కారుకు దేవుడేంది? ఈసారి సర్కారు కాయ బంద్" అన్నరు ఊరి పోరగాళ్లు. మా తాత మొండిఘటం. ఆ కాయ లేకుంటె జాతరకే రానని అలిగి, వాకిట్ల మంచమేసుకొని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నాయినమ్మ ఎంత బతిమిలాడినా వింటేగా! తాత లేని జాతర నాకెందుకు? ఆయన భుజమెక్కే కదా నేను రంగులరాట్నం దాకా పోయేది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పక్కింటి అక్క సంగారెడ్డిల డిగ్రీ చదివేది. సెలవులకొచ్చి నాతోని ఒక పొడుగు ఇంగ్లీషు మాట బట్టీ పట్టించింది. యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం. అబ్బో, పలికేసరికి దవడలు నొచ్చినయి. ఇంగ్లండుల చర్చి సర్కారుదేనట. రెండింటినీ విడదీయాలని కొందరు, వద్దని కొందరు కొట్లాడుకున్నరట. వద్దన్నోళ్ల వాదానికి ఆ పేరట. గింత మాట ఏడ వాడుతరని అడిగితే, అక్క నా చెయ్యి పట్టుకొని సీదా మా వాకిట్లకే తీసుకపోయింది.

"తాతా, నువ్వు చెప్పేదానికి ఇంగ్లీషుల పేరుంది" అని ఆ మాటంతా ఆగకుండ పలికింది.

తాత ఇటు తిరిగిండు. "తిడుతున్నవా ఏందే?"

"తిట్టుడు కాదు తాతా. సర్కారును, గుడిని విడదీయొద్దని నీ లెక్క అన్నోళ్లు ఇంగ్లండుల మస్తుమంది ఉన్నరు."

ఆయన లేచి కూసున్నడు. ఊరు కాదన్న మాటకు ఏడనో తోడు దొరికిందని ఆ మొహం ఎట్ల వెలిగిందో! నాకైతే పాణం లేచొచ్చింది. జరసేపటికి ఆయనే అడిగిండు, "మరి విడదీయాలన్నోళ్లు ఏమన్నరు?" అక్క నిమ్మళంగ చెప్పింది. దేవుడు ఏడికీ పోడు, సర్కారే పక్కకు జరుగుతది, గుడి జనాలది అయితది అని. తాత మీసం దువ్వుకుంట, జాతరకు ధోతి తీసి పెట్టమని నాయినమ్మకు చెప్పిండు.

జాతరనాడు ధోతి కట్టుకొని అందరికంటె ముందు నడిచిండు. గుడి ముందట కాయ ఎత్తి, అలవాటుగ సర్కారు పేరు నోటిదాకా వచ్చిందేమో, ఆగిండు. తర్వాత "ఊరందరి పేరు మీద" అని గట్టిగ కొట్టిండు. ముందుగాల చప్పట్లు కొట్టింది ఆ పోరగాళ్లే. ఇగ నా సంతోషం అడగొద్దు.

ఇప్పుడు నాకే ఎదిగిన పిల్లలున్నరు. దేవుని మీద, సర్కారు మీద ఇంట్ల రోజూ ఏదో లొల్లి ఉండనే ఉంటది. కొన్ని మాటలకు నాకు ఒళ్లు మండుతది కూడా. మనిషి తన మాట ఒకరు విన్నరని తెలిసినాకనే ఎదుటి మాట వింటడని నాకు అక్క ఆనాడే చూపెట్టింది. అందుకే ఎవరన్నా నాకు గిట్టని మాటంటే, "నీ లెక్క అనేటోళ్లు ఇంకా ఉన్నరు బిడ్డా, కూసో, చాయ్ తాగు" అంట. వాదన తర్వాత.