నాలుగో ట్యూబు

కిడ్నీ జబ్బు పరీక్షకి ఏలూరు ఆసుపత్రిలో నాకెప్పుడూ మూడు ట్యూబుల రక్తమే తీసేవారు. ఆ రోజు నర్సు నాలుగోది తీసింది.

"ఇదెందుకండీ?" అన్నాను.

"ఊరికేనండి, బాబాయిగారూ."

ఊరికే ఎవరైనా రక్తం తీస్తారా? కలిదిండిలో మా రొయ్యల చెరువు నీళ్ళు ల్యాబుకిస్తే, సగం సీసా దాచుకుని ఇంకో ల్యాబులో చూపిస్తాం. అందుకే మర్నాడు ఐసు పెట్టెతో వెళ్ళి, నా రక్తంలో సగం నాకిమ్మన్నాను. అందరూ నవ్వారు. ఎవరెవరో గుర్తుంది.

డాక్టరు మాత్రం నవ్వలేదు. కిడ్నీ రోగుల్లో ఎవరికి గుండె లయ తప్పుతుందో రక్తంలోని ప్రొటీన్లను బట్టి ముందే తెలుస్తుందేమోనని చూస్తున్నామన్నారు.

"మరి నాకు తప్పుతుందాండీ?"

"ఇంకా తెలీదండి."

తెలిస్తే ముందు నాకే చెబుతామని కాగితం రాయించుకున్నాను. ఇప్పటికీ కబురు లేదు. నన్ను చూడగానే నర్సు, "ఐసు పెట్టె తెచ్చారాండీ?" అంటుంది. నేను నవ్వను. ట్యూబులు లెక్కపెట్టాకే చెయ్యి చాపుతాను.