ఇస్తారి కూసోని చూస్తడు

కొండపాక ఇస్తారి ఏ వస్తువునైనా కూసోని చూడందే కొనడు. కుర్చీలు, మంచాలంటే సరే. ఫ్రిజ్ కొనబోయి దాని మీద గూడ ఎక్కి కూసున్నడు. "అన్నా, గది పాలు పెట్టెటందుకు!" అని దుకాణపాయన మొత్తుకుంటే, "పిల్లలు ఎక్కకుంట నువ్వొచ్చి కావలి ఉంటవా?" అన్నడు.

బిడ్డకు సంబంధం చూడబోయినప్పుడు గంతే. పిల్లగాణ్ణి ఒక్క ముచ్చట అడగలే. వాళ్లింట్ల ఉన్న కుర్చీలన్నిట్ల మారి మారి కూసోని వచ్చిండు. "పిలగాడు ఎట్లుండు?" అని పెండ్లాం అడిగితే, "ఒక్క కుర్చీ కదుల్తలేదే, కుదురైన ఇల్లు" అన్నడు.

గీ ఇస్తారికి ఒక పికప్ బండి ఉంది. పొద్దుగాల్నే కూరగాయల గంపలను, గంపలోళ్లను ఎక్కించుకొని సిద్దిపేట బజారుకు పోతడు. వాళ్లల్ల చంద్రవ్వ ఒకతి. ఆమెకు బజారే పానం. బేరమాడెటోళ్లతోని నాలుగు మాటలు కొట్లాడకుంటే తిన్నది అరగదు. గసొంటామెకు నడుము పట్టుకుంది. "కుదుపులు పడొద్దమ్మా. లేదంటే బజారు బందు పెట్టు" అని డాక్టరు కచ్చితంగ చెప్పిండు.

"ముందట కూసోరాదు అక్కా" అంటడు ఇస్తారి.

"గా డీజిలు వాసనకు నా పేగులు బయటికొస్తయిరా" అని ఎనుక డబ్బల, చక్రం మీది జాగలనే సంచి పరుచుకొని కూసుంటది. బండి గుంతల పడ్డప్పుడల్ల ఒకటే లొల్లి. "ఓ ఇస్తారీ! బండి నడుపుతున్నవా, జల్లెడ పడుతున్నవా?"

ఒకనాడు పక్కింటి పద్మమ్మ ఉరుక్కుంట వచ్చింది. "అక్కా, కొంప మునిగింది! ఇస్తారి ఫోన్ల మాట్లాడంగ నా చెవులార విన్న. చంద్రవ్వకు షాకులు పెట్టియ్యాలె, మెత్తటియి చూడుమంటుండు!"

దవాఖానల నడుముకు కరెంటు పెడ్తరని చంద్రవ్వ విన్నదే. "వీని బండి పాడుగాను! నడుము ఇరగ్గొట్టింది సాలదని కరెంటు గూడ పెడ్తడా?" అని కొంగు బిగించి, ఇస్తారి గాడనే ఉన్నడని మెకానిక్ యోబు షెడ్డుకు పోయింది.

గాడ చూస్తే వింత. యోబు బండి నడుపుతుండు. బండి ఓనరు ఇస్తారేమో ఎనుక డబ్బల, సరిగ్గ చక్రం మీద, సంచేసుకొని కూసున్నడు. స్పీడ్ బ్రేకర్ ఎక్కుతున్రు, దిగుతున్రు, మళ్ల ఎక్కుతున్రు.

"అన్నా, ఇగ నాతోని కాదు" అని యోబు బండి ఆపిండు. "ముందుగాల గట్టియి బిగిస్తే ఎముకలు కలుక్కుమన్నయంటివి. మెత్తటియి బిగిస్తే ఊగుడు ఆగుతలేదు, కడుపుల తిప్పుతుందంటివి. గీ గ్యాస్ షాకులన్న నచ్చినయా, లేదా? అయినా ముందట కూసునెటోనివి, ఎనుకది నీకెందుకే? ఆలుగడ్డల సంచికి నడుము నొత్తదా?"

"సంచికి నొయ్యది. చంద్రవ్వకు నొత్తది. ఆమె కూసునే జాగ గిదే" అన్నడు ఇస్తారి, నడుము ఒత్తుకుంట. "బజారు బందైతే ఆమె మనిషి లెక్క ఉంటదా? ఇంకోపారి ఎక్కియ్యి."

తిట్టనీకె వచ్చిన చంద్రవ్వ బిగించిన కొంగు వదులు చేసింది.

"అయితే నాకు కరెంటు పెట్టవా?" అన్నది ఆఖరికి.

"కరెంటేంది అక్కా? షాకులు బండికి, కుదుపులు ఆపెటందుకు!"

యోబు నవ్వి నవ్వి స్టీరింగు మీద వాలిండు. చంద్రవ్వకు నవ్వు, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చినయి.

తెల్లారి గ్యాస్ షాకులతోనే బండి కదిలింది. గుంతలన్నీ దాటిన్రు. ఎనుకనుంచి తిట్లు లేవు, లొల్లి లేదు. ఇస్తారికి భయం పట్టుకుంది. బజారు కాడ ఆపి ఎనుకకు ఉరికిండు. చంద్రవ్వ గంపకు ఒరిగి గురక పెడుతుంది.

"అక్కా, లే! సిద్దిపేట వచ్చింది."

చంద్రవ్వ ఒక్క కన్ను తెరిచింది. "నీ కడుపు సల్లగుండ బిడ్డా. నడుము పట్టినకాంచి గిసొంటి నిద్ర పట్టలే. జర కోమటి చెరువు దాక ఇంకో చక్కరు కొట్టరాదూ."

"మరి టమాటలు?" అని పక్కన గంప దించుకుంటున్న పద్మమ్మ మొత్తుకుంది.

"అవ్విటిని గూడ పండనియ్యి" అని చంద్రవ్వ మళ్ల కండ్లు మూసుకుంది.