మూడో అర అడుగున నీళ్ల పీపాలు

ఆల్డర్ కౌంటీ అనే ఓడకు తుపాకులు నాలుగే, మిగతాదంతా కడుపే. పెద్ద యుద్ధనౌకలకు పేరూ, పేపర్లో ఫొటోలూ. దీనికేమో పిండి బస్తాలు, గుడారాలు, ముళ్లతీగ చుట్టలు. మా ఆస్టోరియా రేవులో పదిహేనేళ్లు సరుకు ఎక్కించిన కల్లే నీమెలా నౌకాదళంలో చేరగానే ఆ ఓడలోనే పడ్డాడు. ఓడ కడుపులో సరుకు నింపే గదుల్ని అరలంటారు; మూడో అరకు అతనే పెద్ద. నోరు కాస్త దురుసే గానీ, సరుకు సర్దడంలో అతనికి సాటి లేరు.

రేవు పనివాడికి మొదట నేర్పేది ఒకటే: బరువు కింద, తేలిక పైన. యుద్ధంలో పద్ధతి వేరు. ఒడ్డున ముందు కావలసింది ఓడలోకి ఆఖరున ఎక్కాలి. అందుకే ప్లాను కాగితంలో తాగునీటి పీపాలు అన్నిటికంటే పైన ఉన్నాయి. కల్లే అది చూసి నవ్వాడు.

"ఇది గీసినాయన ఎప్పుడూ ఓడెక్కలేదు సార్," అన్నాడు కొత్తగా వచ్చిన ఆఫీసరుతో. "సముద్రం ఒక్క ఊపు ఊపిందంటే ఈ పీపాలు దొర్లి నా వాళ్ల నడుములు విరగ్గొడతాయి. అడుగున పెట్టిస్తా."

"ప్లాన్లో అలా లేదు కదయ్యా?"

"మీరు బళ్లో అక్షరాలు దిద్దుకుంటున్నప్పటి నుంచీ నేను ఓడలు నింపుతున్నా సార్!"

ఆఫీసరు సంతకం పెట్టేశాడు. దారిలో తుపాను వచ్చింది. ఒక్క పీపా కదల్లేదు. కల్లే రెండు రోజులపాటు నేల మీద నడవలేదనుకోండి.

ఓడ సరుకు మోసుకెళ్లింది శత్రువు చేతిలో ఉన్న ఒక దీవికి. అతని తమ్ముడు ఎస్కో కూడా సైనికుడిగా ఆ దీవి మీదే దిగాడు. దిగిన రోజు మధ్యాహ్నానికే ఒడ్డు నుంచి కబురు: నీళ్లు, నీళ్లు! నీళ్లెక్కడ? మొత్తం సరుకు కింద. ముళ్లతీగ తీయాలి, దుంగలు తీయాలి, తీసినవాటిని మోయడానికి పడవలు చాలవు. అరచేతులు చీరుకుపోయి రక్తం కారుతున్నా కల్లే ఆగలేదు. తనని తానే బూతులు తిట్టుకుంటూ లాగాడు. మొదటి పీపా వెలుగు చూసేసరికి మర్నాడు సాయంత్రమైంది.

మూడోరోజు గాయపడ్డవాళ్లను ఓడెక్కించారు. వాళ్లలో ఎస్కో దళం వాడొకడు కల్లే చెయ్యి పట్టుకున్నాడు.

"తూటా తగల్లేదన్నా వాడికి. ఎండ. నాలిక వాచిపోయింది. నిన్న మధ్యాహ్నం పోయాడు. 'మా అన్న ఓడ అదిగో, నీళ్లొచ్చేస్తాయిరా' అని పోయేదాకా మాకే ధైర్యం చెప్పాడు."

అయ్యో, ఆ మాట విన్నవాడు ఎలా బతకాలి?

ఇంటికి వచ్చిన తంతిలో 'పోరులో మరణించాడు' అనే ఉంది. తల్లి హిల్యా చేపల డబ్బాల కార్ఖానాలో పనిచేసేది. వేరే దేశం నుంచి వలస వచ్చిన ఆవిడకు ఇంగ్లీషు రాదు. కొడుకును శత్రువు కాల్చాడనే అనుకుంది. నిజం చెప్పాలని కల్లే ఆరేళ్లు కాఫీ బల్ల ముందు కూర్చున్నాడు, లేచాడు. ఓడను పాత ఇనుముకు అమ్మేశాక, నౌకాదళం వాళ్లు దాని చరిత్ర ఒక కాగితం మీద అచ్చువేసి పాత సిబ్బందికి పంపారు. ఇదే అదను అనుకుని తల్లికి చదివి వినిపించాడు. దీవి దగ్గరికి వచ్చాక ఆగి, ఆ వరుస మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ సరుకంతా క్షేమంగా దించిందని రాశారమ్మా. ముళ్లతీగ, గుడారాలు... నీళ్లు. ఆ నీళ్ల సంగతే నీకు..."

"నీళ్లా?" హిల్యా కప్పు కింద పెట్టేసింది. "అయితే నా ఎస్కో ఆఖరికి తాగింది నువ్వు మోసుకెళ్లిన నీళ్లేనట్రా?"

ఆరేళ్లలో ఆ మొహంలో వెలుగు చూడటం అదే మొదలు.

"అవునమ్మా," అన్నాడు కల్లే.

ఆవిడ ఇంకో పదకొండేళ్లు బతికింది. ఆదివారం ఆదివారం చర్చిలో కాఫీల దగ్గర, కొత్తగా కనబడినవాళ్లందరికీ కొడుకును చూపించి చెప్పేది: "వీడే మా పెద్దాడు. తమ్ముడికి నీళ్లు పట్టిన చెయ్యి!" వాళ్లు ఆ చెయ్యి పట్టుకుని ఊపేవారు. కల్లే తలవంచుకుని ఊపించుకునేవాడు.