పదునైందా అని అడిగిన పిల్ల

కదిరి నుంచి బుక్కరాయసముద్రానికి మారిన ఏడాది నాతో నోరారా మాట్లాడిన మనుషులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా ఆయన పని చేసే విత్తనాల కంపెనీ ఆయన్ను అనంతపురానికి మార్చింది. అద్దె తక్కువని ఆ టౌన్ పక్కనే ఉన్న ఈ ఊరి చివర, కొత్త కాలనీలో దిగాం. చుట్టూ సగం కట్టి వదిలేసిన ఇళ్లు. ఉన్న నాలుగిళ్ల వాళ్లూ పొద్దున్నే బస్సెక్కి టౌన్‌కు పోయేవాళ్లు. డిగ్రీ చదివి గోడలతో మాట్లాడుకునే గతి పట్టిందని నా మీద నాకే ఒళ్లు మండేది.

పేపర్లో ఆ ప్రకటన చూసింది అప్పుడే. మామూలుగా కొనడానికి వచ్చినట్టు దుకాణానికి వెళ్లాలి, అక్కడి వాళ్లు ఎలా నడుచుకున్నారో ప్రకటన ఇచ్చిన కంపెనీకి రాసి పంపాలి. మనమెవరమో దుకాణంలో ఎవరికీ తెలియకూడదు. మా ఆయనకు చెబితే పడీ పడీ నవ్వాడు.

"అంగళ్లెంబడి తిరిగేదానికి దుడ్లిస్తారా? ఇన్నాళ్లూ నువ్వు ఊరికే తిరిగితివి కదా!"

ఆ వెటకారానికి పౌరుషం వచ్చి, టౌన్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి పేరు నమోదు చేసుకున్నాను. కొన్నాళ్లకు హైదరాబాద్ నుంచి ఆ కంపెనీ ఆయన ఫోన్ చేసి మొదటి పని అప్పగించాడు. మిక్సీలు, ఫ్యాన్లు అమ్మే కొత్త షోరూంకు వెళ్లాలి.

కొనడానికి వచ్చినట్టే లోపలికి వెళ్లాను. మిక్సీల దగ్గర ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల నిలబడి ఉంది. ఒక మిక్సీ తీసి చూపిస్తూ అడిగింది.

"యా ఊరక్కా మీది?"

మా వైపు అంగళ్లలో సరుకు కంటే ముందు ఊరు అడుగుతారు. ఊరు తెలిశాక వాన సంగతి అడుగుతారు. అడగని వాడిని పొగరుబోతు అనుకుంటాం.

"పుట్టిల్లు యాడికి మండలంలో ఒక పల్లె" అన్నాను.

"మాదీ ఆ పక్కనే. మీకు పదునైందా అక్కా?"

విత్తనం వేయడానికి సరిపడా నేల తడిసిందా అని. ఆషాఢం సగం గడిచిపోయింది. మా నాయన వేరుశెనగ విత్తనాలు ఒలిచి మూటలు కట్టి, రోజూ మబ్బుల వైపు చూస్తున్నాడు. ఇక్కడికి వచ్చాక ఆ మాట నన్ను అడిగిన మనిషి లేదు.

"ఇంకా కాలేదు. మా నాయన విత్తనాలు మూటలు కట్టిపెట్టుకుని కూర్చున్నాడు" అన్నాను.

"విత్తనాలు అమ్ముకోవద్దని చెప్పక్కా మీ నాయనకు. పోయినేడు మా నాయన ఓపిక పట్టలేక అమ్మేసినాడు. మర్నాడే వాన కొట్టింది." మిక్సీ మూత తుడుస్తూ, గొంతు తగ్గించి చెప్పింది. "నన్ను ఇంకా ఖాయం చేయలేదక్కా. ఈ నెల చూసి చెప్తామన్నారు. ఇది పోతే మళ్లా శెనక్కాయల మిల్లు దుమ్ములోకే."

ఈ పిల్లకు నా చేతనైన మేలు చేయాలని ఆ క్షణమే అనుకున్నాను.

ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఫారం నింపాను. నవ్వుతూ పలకరించారా, మంచినీళ్లు ఇచ్చారా అని వరసగా ప్రశ్నలు. వాటి మధ్య ఒకటి: అమ్మకానికి సంబంధం లేని విషయాలు మాట్లాడారా, ఎంతసేపు? మనిషి మంచితనం కొలవడానికే ఇది పెట్టారనుకున్నాను. లేకపోతే ఎంతసేపు అని ఎందుకు అడుగుతారు? ఆ పిల్ల మాట్లాడింది నాలుగు నిమిషాలు. నేను పది నిమిషాలకు పైగా అని రాశాను. మా ఊరు, మా నాయన, వాన గురించి ఎంతో ఆప్యాయంగా అడిగిందని కూడా రాశాను. ఆమె చొక్కా మీద చూసిన పేరును తప్పు లేకుండా ఎక్కించాను. ఆ ఊరికి వచ్చాక మొదటిసారి సంతోషంగా ఇంటికి నడిచాను.

వారం తర్వాత హైదరాబాద్ ఆయన ఫోన్ చేశాడు.

"చాలా వివరంగా రాశారు మేడం. షోరూం వాళ్లు వెంటనే ఆ అమ్మాయిని తీసేశారు."

"ఎందుకండీ? నేను మంచిగానే రాశాను కదా!"

"పని మానేసి పది నిమిషాలు సొంత కబుర్లు చెబితే ఎవరు ఊరుకుంటారండీ? ఆ ప్రశ్న పెట్టిందే అందుకు."

"పది కాదండీ, నాలుగే."

పంపిన రిపోర్ట్ మార్చడం కుదరదన్నాడు. అదే ఫోన్‌లో ఇంకో దుకాణం పేరు చెప్పాడు. నేను రాసుకున్నాను. షోరూంకు వెళ్లి, తప్పు నాది, అబద్ధం రాశాను అని చెప్పి ఉండాల్సింది. చెబితే దొరకక దొరికిన పని పోతుంది. నేను వెళ్లలేదు. సిగ్గుతో అన్నం సహించేది కాదు, అయినా కొత్త దుకాణానికి మాత్రం చెప్పిన రోజుకు వెళ్లాను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, టౌన్‌లో బుక్కరాయసముద్రం బస్సు కోసం నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఆ పిల్లే. తలనిండా సన్నటి దుమ్ము, కనుబొమ్మల్లో కూడా.

"అక్కా, మీ నాయన విత్తనం వేసినాడా?"

తన సంగతి కంటే ముందు అదే అడిగింది.

"వేసినాడు" అన్నాను. నిజమే. ఆ పిల్ల మాట చెప్పినందుకే అమ్మకుండా ఆగాడు.

"మంచిదాయె. నన్ను తీసేసినారక్కా. ఎవరో ఆడామె వచ్చి చూసి, రాసిపోయిందంట. ఆయమ్మకు నేనేం చేసినానో, ఎంత తలకాయ బద్దలు కొట్టుకున్నా తెలియదు. బుక్కరాయసముద్రం పక్క మిల్లులో చేరినా. గోనెసంచులు చెప్పి రమ్మని టౌన్‌కు పంపినారు."

అంతలో బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే ఆ పిల్ల ముందుగా ఎక్కి, కిటికీలోంచి తల బయట పెట్టి అరిచింది.

"అక్కా, సీటు పట్టినా, రా! నా పక్కనే!"

నాది ఈ బస్సు కాదని చెయ్యి ఊపాను. అది మా ఊరి బస్సే. బస్సు కదిలేదాకా ఆమె ఆ సీటు మీద సంచి పెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చుంది.